తెల్లగీత చెట్లు

మందు పూసిన చెట్టుకు ఎర్రగీత, పూయకుండా వదిలేసిన చెట్టుకు తెల్లగీత. రేగువాగు మిల్లు తోటలో ఆ వైశాఖంలో ఆడకూలీలు ఈ రెండు గీతలే కంఠతా పట్టారు. ఎర్రగీత ఉన్నచోట కత్తిమొనతో బెరడు పైపొర గీకి, పసుపుపచ్చటి ముద్దను అరచేతి మందాన పట్టించి, తడిగుడ్డ చుట్టి, పురికొసతో కట్టాలి. మూడు రోజులాగి విప్పాలి. తెల్లగీత వైపు కన్నెత్తి కూడా చూడకూడదు.

"పెళ్లికూతురికి గోరింటాకు పెట్టినట్టే ఉందే," అంది బుల్లెమ్మ, గుడ్డ బిగిస్తూ. "పెట్టేదేమో గోరింటాకు, చేసేదేమో మొగోణ్ని."

"మీ ఆయనకు కొంచెం రాయరాదక్కా," అని పక్క చెట్టు దగ్గర నుంచి ఎవరో అన్నారు.

"ఆయనకు రాస్తే ఏమైతడే? ఉన్న మొగతనం కూడా పోతదేమో."

అందరూ నవ్వారు. తిరపతమ్మ నవ్వలేదు. ఆమె చేతులకు రెండు జతల తొడుగులు వేసుకుంది. అయినా ఆ ముద్ద ఎక్కడో సందులోంచి చర్మానికి తగిలే ఉంటుందని ఆమెకు గట్టి నమ్మకం. ఈ చేతులతోనే ఇంటికి పోయి పిల్లకు అన్నం కలిపి పెట్టాలి. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. తిరపతమ్మ కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషి.

అందుకే ఆ పూట, మిల్లు ప్రయోగశాలకు పెద్దయిన శశిరేఖ మేడమ్ చెట్లు చూసుకుంటూ వచ్చినప్పుడు అడిగేసింది. "అమ్మా, ఇది మనుషులకు అంటితే ఏమైతది?"

"ఏమీ కాదు తిరపతమ్మా. నీకు ఈ మీట లేదుగా."

"ఏం మీటమ్మా?"

మేడమ్ యాభై దాటిన మనిషి. నేల మీద కూర్చోవడానికి వెనకాడదు. ఒక కొమ్మ విరుచుకుని చెట్టు మొదట్లోనే చతికిలబడింది. "ఈ పాప్లర్ చెట్టుకు ఆడదిగా పూయాలా, మగదిగా పూయాలా అనేది ఒక్క మీట చేతిలో ఉంది. మీట పైకుంటే ఆడపువ్వు. కిందికి దించితే మగపువ్వు. మగచెట్టు ఏం చేస్తుందంటే, లోపల్లోపలే చిన్న చీటీలు రాసుకుంటుంది, 'నువ్వు లేవకు' అని. ఆ చీటీలు మీటను నొక్కి పెడతాయి. మేం ఆ చీటీనే తయారు చేసి ఈ ముద్దలో కలిపాం. ఆడచెట్టు ఒంట్లోకి పోయి దాని మీటను దించుతుంది. వచ్చే మాఘానికి ఇవి మగపువ్వులు పూస్తాయి. ఆడపువ్వు లేకపోతే కాయ లేదు, కాయ లేకపోతే దూది లేదు."

"దేవుడు ఆడదిగా పుట్టించిన దాన్ని," అని తిరపతమ్మ నసిగింది. "తప్పు కాదా అమ్మా?"

"వీటికి అదేం కొత్త కాదు. ఏటి ఒడ్డున పెరిగే విల్లో అని వీటి చుట్టం ఉంది. అందులో కొన్ని రకాల్లో మగచెట్టుకు అసలు మీటే ఉండదు, ఆడదానికే ఉంటుంది. ఇందులోనేమో ఇద్దరికీ ఉంటుంది, మగది దాన్ని నొక్కి పెట్టుకుంటుంది. లక్షల ఏళ్లుగా ఈ కుటుంబం ఎన్నిసార్లు పద్ధతి మార్చుకుందో లెక్క లేదు. మీట మాత్రం అదే. దాన్ని దించే చెయ్యే మారుతుంటుంది." మేడమ్ లేచి చీర దులుపుకుంది. "ఈసారి ఆ చెయ్యి నీదీ, బుల్లెమ్మదీ."

ఆ మాటకు బుల్లెమ్మ పొంగిపోయింది. తిరపతమ్మ మాత్రం చేతి తొడుగుల అంచులు మళ్లీ పైకి లాక్కుంది.

*

కాగితం గుజ్జు కోసం మిల్లువాళ్లు ఎనిమిది వేల చెట్లు నాటారు. ఎండకు తట్టుకుంటుందని ఎంచిన ఒకే ఒక తల్లిచెట్టు నుంచి కొమ్మలు నరికి అన్నింటినీ పెంచారు. పాప్లర్ ఏడెనిమిదేళ్లకు గానీ పూతకు రాదు, పూతకు వస్తే గానీ ఆడదో మగదో చూసి చెప్పలేరు. తల్లి ఆడదని తెలిసేసరికి తోటంతా ఆడదే అయి కూర్చుంది. వాగు అవతల ఇంకో తల్లికి పుట్టిన మగచెట్లు కొద్దిగా ఉన్నాయి. గాలికి వాటి పుప్పొడి ఇవతలికి కాస్తంత వచ్చినా చాలు, హోళీ దాటగానే కాయలు పగిలి ఊరంతా దూది. ఆరేసిన చీరల మీద దూది, మజ్జిగ గిన్నెలో దూది, మిల్లు యంత్రాల జల్లెళ్లలో దూది. పోయిన ఏడాది క్యాంటీన్ వెనక పేరుకున్న దూది మీద ఎవరో బీడీ పారేస్తే మంట గోడ పొడవునా తారాజువ్వలా పరుగెత్తింది. ఆ తర్వాతే ఈ మందును ముందుగా ఒక్క మడిలో పూసి చూడటానికి అనుమతి వచ్చింది.

మందు పూసే మడి చుట్టూ మేడమ్ ముందే నిలువులోతు కందకం తవ్వించింది, మడిలోని చెట్ల వేళ్లు బయటి చెట్ల వేళ్లతో కలవకుండా. మారిన చెట్లను మారని చెట్లతో పోల్చుకోవాలి కాబట్టి, దూరంగా ముప్ఫై రెండు చెట్లను ముట్టకుండా వదిలేసి తెల్లగీతలు గీయించింది. ఆ ముప్ఫై రెండూ కూలీల క్వార్టర్ల వెనక, బట్టలుతికే బండలకూ బడిగోడకూ మధ్య ఉన్నాయి. తిరపతమ్మ ఇంటి కిటికీ తెరిస్తే కనిపించేవి అవే.

ఆ కిటికీకి మూడేళ్లుగా గోనెపట్టా కుక్కి ఉంది.

తిరపతమ్మ కూతురు ఝాన్సీకి తొమ్మిదేళ్లు. పుట్టినప్పుడు బాగానే ఉంది. చెట్లు పూతకొచ్చిన ఏడు నుంచీ ఆయాసం పట్టుకుంది. శివరాత్రి చలి పోతుండగా దగ్గు మొదలవుతుంది, దూది ఎగిరే నాటికి మెడ కింద గుంట లోపలికి లాక్కుపోతుంది. పిల్ల పడుకుంటే తిరపతమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. బడికి పోతే మధ్యాహ్నం పని మానుకుని గోడమీంచి తొంగి చూసేది. పిల్ల కనబడకపోతే, అయిపోయింది అనుకునేది. కనబడితే, రేపటి సంగతేంది అనుకునేది.

"అమ్మా, అట్ల చూడకు. పిల్లలు నవ్వుతరు," అనేది ఝాన్సీ.

"నవ్వితే నవ్వనీ. పళ్లే కదా కనబడేది."

మందు పూసే పని మొదలైన నాలుగో రోజు తిరపతమ్మ ఈ విషయం అడిగింది. "అమ్మా, మా ఇంటి ఎనక తెల్లగీతలకు ఎప్పుడు పూస్తరు?"

"పూయం. పోల్చుకోవడానికి అవి అలాగే ఉండాలి."

"అంటే మాకు మాత్రం దూది వస్తనే ఉంటదా?"

"రెండేళ్లు ఓపిక పట్టు," అంది మేడమ్.

రెండేళ్లు. పిల్ల ఒక్కో ఊపిరి లెక్క పెట్టుకుని బతుకుతుంటే రెండేళ్లు. ఆ సాయంత్రం నుంచి బక్కెట్లు కడిగే వంతు తిరపతమ్మది. మిగిలిన మందు గీకి సున్నం గుంటలో పూడ్చేయాలని నియమం. ఆమె గీకింది గానీ పూడ్చలేదు. టిఫిన్ గిన్నెలో వేసి మూత పెట్టింది.

మర్నాడు ఒంటిగంట ఎండలో, కాలనీ అంతా తలుపులు వేసుకున్నాక, కొడవలి పట్టుకుని తెల్లగీత చెట్ల దగ్గరికి వెళ్లింది. పైన పూస్తే కనబడుతుంది. అందుకని మొదట్లో మట్టి జానెడు తవ్వి, అక్కడి బెరడు గీకి, మందు పట్టించి, మళ్లీ మట్టి కప్పేసింది. ఎవరైనా చూస్తే పని పోతుంది. పనితోపాటు క్వార్టర్ పోతుంది, మిల్లు ఆసుపత్రి మందులు పోతాయి. ఇవన్నీ వరసగా కళ్లముందు కనబడుతూనే ఉన్నాయి. అయినా బెరడు మీద చెయ్యి ఆడుతుంటే ఝాన్సీ ఛాతీకి కర్పూరం నూనె రాస్తున్నట్టే అనిపించింది.

ఇంటికి దగ్గరి చెట్టు నుంచి మొదలుపెట్టి, రోజూ బక్కెట్లలో ఎంత మిగిలితే అంత, పదకొండు రోజులు పూసింది. పందొమ్మిది చెట్లయ్యాయి. పన్నెండో రోజున తోటలో పని ముగిసి, బక్కెట్లు ప్రయోగశాలకు వెళ్లిపోయాయి.

*

మాఘమాసం వచ్చింది. ఆకు రాలిన కొమ్మల మీద మొగ్గలు పగిలాయి. ఎర్రగీత మడిలో పువ్వులు ఎర్రటి జడకుచ్చుల్లా వేలాడాయి. మగపువ్వులు. మేడమ్ ఒక్కో కుచ్చూ కోసి భూతద్దంలో చూసి, కూలీలందరికీ చూపించింది. ఆ రోజు ప్రయోగశాలలో మిఠాయి పంచారు.

నాలుగు రోజుల తర్వాత తెల్లగీత చెట్లకు కూడా ఎర్ర కుచ్చులు కనిపించాయి.

మేడమ్ బట్టలుతికే బండ మీద కూర్చుండిపోయింది. ఆ తర్వాత పనివాళ్లందరినీ పిలిపించింది. "వీటిని ఎవరైనా ముట్టారా? పొరపాటున చెయ్యి తుడుచుకున్నా చెప్పండి. నేనేమీ అనను."

ఒక్కొక్కరూ లేదన్నారు. తిరపతమ్మ వంతు వచ్చింది. ఆమె తల అడ్డంగా ఊపింది.

మేడమ్ నమ్మింది. నమ్మాక ఆమె ముఖంలో తిరపతమ్మ ఇదివరకు చూడని వెలుగొకటి వచ్చింది. కందకం దాటి, రెండు వందల గజాల దూరం దాటి, మందు తగలని చెట్లు మారాయంటే ఆ చీటీ గాలిలోనో నీటిలోనో తనంతట తాను ప్రయాణం చేసిందన్నమాట. ప్రపంచంలో ఎవరూ చూడనిది. వారం తిరక్కుండా హైదరాబాదు నుంచి మనుషులొచ్చారు. చెట్లెక్కి గాలి పట్టే సంచులు కట్టారు. వాగు నీళ్లు సీసాల్లో నింపారు. ముప్ఫై రెండు చెట్ల చుట్టూ ముళ్లకంచె వేసి, మూడేళ్లదాకా ఆకు కూడా తుంచకూడదని పలక తగిలించారు.

తిరపతమ్మకు అవేవీ పట్టలేదు. ఈ ఏడు ఇంటి వెనక నుంచి దూది రాదు. అంతే. మూడేళ్ల తర్వాత కిటికీలోంచి గోనెపట్టా లాగేసి, తలుపులు బార్లా తెరిచింది. ఝాన్సీ మంచాన్ని కిటికీ కిందికి జరిపింది. పొద్దున్నే కిటికీ గూట్లో పసుపులాంటి సన్నటి పొడి కనిపించేది. మిల్లు దుమ్ము అనుకుని తడిగుడ్డతో తుడిచేసేది. దగ్గు మొదలైంది. అలవాటు ప్రకారం వచ్చిందిలే, దూది రాదుగా, తగ్గిపోతుంది అనుకుంది. జన్మలో మొదటిసారి ఆమె మేలెంచింది.

దగ్గు మొదలైన ఆరో రోజున బడిలో ప్రార్థన జరుగుతుండగా ఝాన్సీ పడిపోయింది. ఇన్‌హేలర్ నాలుగుసార్లు కొట్టినా ఊపిరి అందలేదు. తిరపతమ్మ వెళ్లేసరికి పిల్ల పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. భర్త భద్రయ్య ఆటో నడుపుతాడు. అదే ఆటోలో, హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. ఇన్నేళ్లూ భయపడిన రోజు ఇదే. ఇది వస్తే ఏడవాలని కూడా ఆమెకు తెలియలేదు.

పిల్ల బతికింది. రెండు రోజులు గొట్టాలు పెట్టారు, మూడో రోజున తీశారు. వారం తర్వాత కుర్ర డాక్టరొకాయన ఝాన్సీ ముంజేతి మీద వరసగా పన్నెండు చుక్కలు వేసి, ఒక్కో చుక్కలో సూదిమొనతో చిన్నగా గుచ్చాడు. పావుగంట ఆగమన్నాడు. రెండో చుక్క దగ్గర చీమ కుట్టినంత కూడా లేదు. ఏడో చుక్క శనగగింజంత ఉబ్బి, చుట్టూ ఎర్రగా పాకింది.

"రెండోది దూది," అన్నాడు డాక్టరు. "ఏడోది పాప్లర్ పుప్పొడి. అమ్మా, ఏటా దగ్గు ఎప్పుడు మొదలవుతుంది?"

"దూది ఎగిరే రోజుల్లో సారూ."

"ఎగిరాకా, ఎగరకముందా?"

తిరపతమ్మ ఆలోచించింది. దగ్గు శివరాత్రికి. దూది హోళీ దాటాక. మూడేళ్లూ అంతే. "ముందే," అంది.

"అదే పుప్పొడి కాలం. మగచెట్ల నుంచి వస్తుంది. కంటికి కనపడదు కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోరు. దూది కనపడుతుంది కాబట్టి నింద దానికొస్తుంది. దూది పిల్లకు ఏ హానీ చేయదు." డాక్టరు కాగితం మీద ఏదో రాస్తూ అడిగాడు. "ఈ ఏడు మీ ఇంటి దగ్గర్లో కొత్తగా మగచెట్లేమైనా పూశాయా? ఇంత ఎక్కువగా రావాలంటే చాలా దగ్గర్లోనే ఉండాలి."

ఆమె పిల్ల ముంజేతిని పమిటతో తుడుస్తూ ఉండిపోయింది. ఉబ్బిన చోట తగలకుండా, మెల్లగా.

*

ఆసుపత్రి వసారాలో భద్రయ్యకు అంతా చెప్పింది. పందొమ్మిది చెట్లు, టిఫిన్ గిన్నె, తల అడ్డంగా ఊపడం, అన్నీ. ఎవరైనా విన్నారేమోనని భద్రయ్య అటూ ఇటూ చూశాడు.

"ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెల్వదు."

"అయితే తెల్వనియ్యకు. పని తీసేస్తరు. క్వార్టర్ తీసేస్తరు. మందులు ఎక్కడ తెస్తం మనం?"

"ఆ చెట్లు కొట్టెయ్యాలయ్యా. అవి ఉంటే పిల్ల ఇంటికి రాలేదు."

"కంచె వేసిండ్రు గదా. మూడేళ్లు ముట్టుకోనియ్యరు. నువ్వు చెప్తే మాత్రం కొడతరా? నిన్ను గెంటేస్తరు, చెట్లు ఆడనే ఉంటయ్." ఆయన గొంతు తగ్గించాడు. "ఇంట్లో గొడ్డలుంది. ఎవరూ లేని పూట చూసి నేను పోయి కొడతా."

తిరపతమ్మ భర్త ముఖంలోకి చూసింది. తెల్లగీతల దగ్గరికి గిన్నె పట్టుకుపోయిన రోజు తన ముఖం కూడా ఇలాగే ఉండి ఉంటుంది. "వద్దు," అంది. "దొంగచాటుగా చేసింది ఒకటి చాలు."

మర్నాడు పొద్దున్నే ప్రయోగశాలకు వెళ్లింది. మేడమ్ గోడకు తగిలించిన పెద్ద పటం ముందు నిలబడి ఉంది. ముప్ఫై రెండు చెట్లు, కందకం, వాగు, గాలివాటం బాణాలు. తిరపతమ్మ గుమ్మంలోనే ఆగింది.

"పిల్ల ఎలా ఉంది తిరపతమ్మా? విన్నాను."

"బతికిందమ్మా. నేనే చంపబోయిన." ఆపితే మళ్లీ నోరు రాదని ఒక్క బిగిన చెప్పేసింది. బక్కెట్టు, గిన్నె, కొడవలి, జానెడు లోతు మట్టి. చెప్పి, కింద కూర్చుంది.

మేడమ్ అరవలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఏడాది పనీ, హైదరాబాదు మనుషులూ, గాలిసంచులూ, రాసి పంపిన కాగితాలూ అన్నీ ఆ గదిలోనే కూలిపోతున్నట్టు ఒక నిమిషం గోడను పట్టుకుంది. "అడిగాను కదా తిరపతమ్మా. అందరి ముందూ అడిగాను."

"అడిగిండ్రమ్మా."

"ముప్ఫై రెండు చెట్లకూ పూశావా?"

"లేదమ్మా. పందొమ్మిదింటికే. మందు అయిపోయింది."

మేడమ్ తల ఎత్తింది. కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "లెక్క సరిగ్గా చెప్పు."

"పందొమ్మిదే. ఇంటి దగ్గర్నుంచి వరసగా పోయిన. ఉతికే బండ పక్కన రెండు కవలచెట్లున్నయ్ గదా, ఆ రెండోదే ఆఖరిది. తర్వాత చెట్టుకు గీకిన గాని మందు చాలలేదు, మట్టి కప్పేసిన."

"కానీ ముప్ఫై రెండూ ఎర్రగా పూశాయి."

తిరపతమ్మకు చదువు ఏడో తరగతే. అయినా ముప్ఫై రెండులోంచి పందొమ్మిది తీసేస్తే ఎన్నో తెలుసు.

కంచె గేటు తీయించి ఇద్దరూ లోపలికి వెళ్లారు. తిరపతమ్మ ఒక్కో చెట్టునూ వేలితో చూపింది. ఇది పూసిన, ఇది పూసిన, ఇది కొంచెమే పూసిన. మేడమ్ మనిషిని పెట్టి మొదళ్ల దగ్గర తవ్వించింది. గీకిన గాట్లు పందొమ్మిది చెట్లకు మందు అంటి పసుపుపచ్చగా, ఇరవయ్యోదానికి వట్టిగా కనిపించాయి. మిగతా పన్నెండింటికీ గాటే లేదు. రెండు చెట్ల మధ్య లోతుగా తవ్వితే, బొటనవేలంత వేళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని, బెరడు కరిగి, ఒకే వేరుగా అతుక్కుపోయి ఉన్నాయి. ఒకే తల్లి బిడ్డలు. పరాయివని వాటికి తెలియదు.

"గాలీ కాదు, నీళ్లూ కాదు," అంది మేడమ్, ఆ వేరు మీద చెయ్యి పెట్టి. "మన చీటీని చెట్టు నకలు రాసుకోవడం నేర్చుకుంది. రాసి పక్కచెట్టుకు అందించింది. అది ఇంకో చెట్టుకు. నేను అనుకున్నది ఒక్క చెట్టు వరకే."

"ఇప్పుడెక్కడి దాకా పోయిందమ్మా?"

మేడమ్ జవాబు చెప్పకుండా నడిచింది. తెల్లగీత చెట్లకు ఉత్తరాన బండిబాట ఒకటే అడ్డం. దాని అవతల నుంచి మిల్లు తోట, ఎనిమిది వేలు. ఇక్కడ కందకం ఎవరూ తవ్వలేదు. ముట్టని చెట్లకు కందకం ఎందుకు? మొదటి వరసలో చెట్లన్నీ పచ్చటి ఆడపూతతో ఉన్నాయి. రెండు చెట్లకు మాత్రం, ఒక్కో కొమ్మ చివర, ఎర్రగా.

"నువ్వు చెప్పకపోయి ఉంటే," అంది మేడమ్, "మూడేళ్లూ మేం ఆకాశం వంక చూస్తూ కూర్చునేవాళ్లం. ఈలోగా ఎనిమిది వేలూ మగవయ్యేవి." బడిగోడ వెనక గంట కొట్టారు. పిల్లలు మైదానంలోకి వచ్చిన చప్పుడు వినిపించింది. "ఆ బడిలో ఎంతమంది పిల్లలు?"

"ఆరు వందల మంది," అంది తిరపతమ్మ. తన కూతురు కాకుండా ఆ బడిలో ఇంకా పిల్లలున్నారనే సంగతి ఆమెకు ఇదే మొదటిసారి తట్టింది.

*

కంచె పీకేశారు. ముప్ఫై రెండు చెట్లనూ, బాట అవతల మూడు వరసలనూ నరికి, వేళ్లతో సహా పెకలించారు. ఎర్రగీత మడిని కూడా వదల్లేదు. వరసలకు అవతల కొత్త కందకం మొదలైంది. యంత్రం దింపితే వేళ్లు తెగి ఏది ఎక్కడిదో తెలియదని, మనుషుల చేత తవ్వించారు. కనబడిన ప్రతి వేరునూ కోసి, గుర్తు కట్టి, పటంలో ఎక్కించాలి.

తిరపతమ్మను పనిలోంచి తీసేయాలని మిల్లు పెద్దలు గట్టిగానే అన్నారు. మేడమ్ ఒప్పుకోలేదు. దాని గురించి తిరపతమ్మతో ఒక్కసారే మాట్లాడింది. "ఏ చెట్టుకు ఎంత పూశావో, ఏ వైపు పూశావో నీ ఒక్కదానికే తెలుసు. వచ్చే రెండు పూతలు నాతోపాటు చూడాలి. కానీ ఆ రెండు పూతల్లోనూ ఝాన్సీ ఇక్కడ ఉండకూడదు. డాక్టరుతో మాట్లాడాను. మీరంతా వెళ్లిపోతామంటే నేను ఆపను."

వెళ్లిపోవచ్చు. భద్రయ్య ఆటో ఎక్కడైనా తిరుగుతుంది. ఆ మాట మీదే రెండు రోజులు గడిచాయి. మూడో రోజున తిరపతమ్మ కందకంలో బుల్లెమ్మ పక్కన పలుగు వేస్తోంది. బుల్లెమ్మ పది రోజులుగా ఆమెతో మాట్లాడలేదు. బుల్లెమ్మ మనవడు కూడా ఈ మాఘంలో దగ్గాడు. ఆసుపత్రిదాకా పోలేదు గానీ దగ్గాడు.

"నీ బిడ్డ కోసం చేసినవు," అంది బుల్లెమ్మ, పలుగు ఆపకుండానే. "తప్పనను. నేనైనా చేద్దునేమో. మరి నా మనవడి కోసం ఎవరు చేస్తరే?"

తిరపతమ్మ బుల్లెమ్మ తవ్విన మట్టిని గట్టు మీదికి ఎత్తిపోసింది. సాయంత్రం ఇంటికి వెళ్లి భద్రయ్యకు చెప్పింది, తాను ఉంటానని, పిల్లను మధిర దగ్గరి గురుకులంలో చేర్పిద్దామని. అటువైపు అన్నీ మిరపచేలూ మామిడితోటలే, పాప్లర్ మొక్క కూడా లేదు. చెప్పేటప్పుడు గొంతు నిలకడగానే ఉంది. పెట్టె సర్దుతుంటే మాత్రం ఝాన్సీ గౌన్లు మడిచినవి మళ్లీ విప్పి మడిచింది. ఎవరు చూస్తారు దీన్ని. పక్క పిల్లకు జ్వరమొస్తే దీనికి అంటుకోదా. దగ్గొస్తే లేచి చెప్పుకుంటుందా, సిగ్గుపడి దుప్పట్లో దగ్గుకుంటుందా. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే మనిషి అక్కడ ఎవరుంటారు.

"అమ్మా, నన్ను ఎందుకు పంపిస్తన్నవ్?" అని అడిగింది ఝాన్సీ బస్టాండులో.

నీ మంచికే అని చెప్పి ఊరుకోవచ్చు. "నేను ఒక తప్పు చేసిన," అంది తిరపతమ్మ. "చెట్లకు మందు పూసిన. దానివల్లే నీకు అట్లయింది. అది సరయ్యేదాకా నువ్వు ఆడ ఉండాలి. నేను ఈడ ఉండాలి."

ఝాన్సీ కాసేపు తల్లి ముఖం చూసింది. తండ్రి వెనకాలే బస్సెక్కింది. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపిందో లేదో, దుమ్ములో తిరపతమ్మకు కనబడలేదు.

*

గురుకులంలో ఆదివారం పదింటికి ఫోన్ ఇస్తారు, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. మొదటి ఆదివారం ఝాన్సీ ఆ, ఊఁ తప్ప మాట్లాడలేదు. రెండో ఆదివారం ఏడ్చింది. మూడో ఆదివారం తిరపతమ్మ కందకం గట్టు మీద కూర్చుని ఫోను చెవికి ఆనించుకుంది. కందకం ఇంకా సగం కూడా కాలేదు. ఆ రోజు కోసిన వేళ్లలో ఎన్నింటికి చీటీ అందిందో వచ్చే మాఘం దాకా ఎవరికీ తెలియదు.

"అమ్మా, మాకు ఇయ్యాల ఖోఖో పెట్టిండ్రు నేను మూడుసార్లు అవుట్ కాలేదు లతశ్రీ అని ఒక పిల్లుంది అది నాకంటే పొడుగు దాన్ని కూడా ముట్టుకున్న, మా ఆటల మేడమ్ నన్ను జిల్లా పోటీలకు పంపిస్తనన్నది పొద్దున ఇడ్లీ పెట్టిండ్రు చట్నీ కారం, కానీ తిన్న, ఇంకా..."

తిరపతమ్మకు మాటలు వినబడటం లేదు. మాటల మధ్య సందు కోసం వింటోంది. పిల్ల ఆగి ఊపిరి లాక్కునే చోటు కోసం, ఆ ఈల శబ్దం కోసం. ఇన్నేళ్లూ ప్రతి నాలుగు మాటలకూ ఒకసారి వచ్చేది. రావడం లేదు.

"అమ్మా, వింటున్నవా?"

"వింటున్న బిడ్డా. చెప్పు."

నన్ను ఇంటికి ఎప్పుడు తీసుకపోతవు అని ఝాన్సీ అడగలేదు. పోయిన వారం అడిగింది, ఈ వారం మర్చిపోయింది. మర్చిపోవడం మంచిదేనని తిరపతమ్మ తనకు తాను చెప్పుకుంది. రెండోసారి కూడా చెప్పుకోవాల్సి వచ్చింది. అవతల ఎవరో టైమయిందని అరిచారు. ఝాన్సీ నవ్వుతూ ఎవరితోనో ఏదో అంటూనే ఫోను పెట్టేసింది.

తిరపతమ్మ ఫోను కొంగుకు కట్టుకుని కందకంలోకి దిగింది. బుల్లెమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.